‘సర్వస్వామ్య సంకలితము’ నుండి యూట్యూబు దాకా: పాతబస్తీ దక్కనీ హాస్యం – కర్తృత్వ ప్రశ్న

పాత తెలుగు గ్రంథాల ముఖపత్రం వెనుక ‘సర్వస్వామ్య సంకలితము’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఆ స్వామ్యం రచయితదా, ప్రకాశకునిదా అన్నది ఆ మాట ఒక్కటే తేల్చదు. చాంద్రాయణగుట్ట మొదలుకొని చార్మినార్ దాకా పాతబస్తీ గల్లీల్లో దక్కనీ హాస్య వీడియోలు తీసి యూట్యూబులో ఉంచే బృందాలకూ ఈ సందిగ్ధమే సంక్రమించింది.

దక్కనీ హాస్యం ప్రధానంగా నోటి సొత్తు. కుంటా నిఖిల్ దర్శకత్వంలో వచ్చిన ‘ది అంగ్రేజ్’ చిత్రంలోని ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ పాత్రల మాటలు నగరవాసుల నోళ్లలో నానాయి. ఇటువంటి హాస్యంలో సంభాషణ కొంత కాగితం మీద పుడితే, కొంత కెమెరా ముందు అప్పటికప్పుడు పుడుతుంది. దానికి కర్త ఎవరు?

1957 నాటి కాపీరైట్ చట్టం చలనచిత్రానికి నిర్మాతనే కర్తగా గుర్తించింది. ఫోనుతో తీసిన వీడియో కూడా ఆ చట్టం దృష్టిలో చలనచిత్రమే. దాని తయారీకి చొరవ, బాధ్యత వహించిన వ్యక్తి నిర్మాత. వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలం పుచ్చుకొని చిత్రం కోసం కూర్చిన సంగీతంపై హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు జస్టిస్ కృష్ణయ్యర్ జోడించిన వ్యాఖ్య సాహిత్య పరిశోధకులు ప్రత్యేకించి చదవదగినది. పాడే గాయకునికి ఏ హక్కూ లేకపోవడాన్ని ఆయన ఎత్తిచూపారు. 1994 సవరణతో గాని ప్రదర్శకుని హక్కులు చట్టంలో చేరలేదు. మౌఖిక సంప్రదాయమే ఊపిరిగా గల భాషలకు ఈ ఆలస్యం చిన్న నష్టం కాదు. గడువు రాయని బదలాయింపు 5 ఏళ్లకు, ప్రాంతం రాయనిది భారతదేశానికి పరిమితమైనదీ ఆ సవరణతోనే.

2012 సవరణ ‘సర్వ’ శబ్దానికే హద్దు గీసింది. సంతకం చేసేనాటికి వాణిజ్య వినియోగంలో లేని మాధ్యమానికి, పత్రంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, బదలాయింపు వర్తించదు. చిత్రంలో చేరిన సాహిత్యానికి, థియేటరు వెలుపలి వినియోగంలో సమాన రాయల్టీని రచయిత వదులుకోవడానికీ వీల్లేదు.

ఆచరణ వేరు. ప్రకటనల ఆదాయం ఛానెల్ ఖాతాకే చేరుతుంది. నోటిమాటతో హక్కు బదిలీ కాదు గనుక, ప్రతిఫలం లేకుండా మాటలు రాసిన మిత్రుని వద్దే అది మిగిలిపోవచ్చు. కాని ఆ మాటలు తనవేనని రుజువు చేయడానికి అతని వద్ద కాగితం ఉండదు. బదలాయింపు పత్రంలో కృతి, హక్కు, గడువు, ప్రాంతం, రాయల్టీ వివరాలు, హక్కుదారు సంతకం ఉండాలని కోరిన కాపీరైట్ చట్టం, అది ఏ భాషలో ఉండాలో నిర్దేశించలేదు. ఉర్దూలోనో తెలుగులోనో చిత్రీకరణకు ముందే రాసుకున్న ఒక పుట అందుకు సరిపోతుంది.