బీడు వృథాభూమి కాదు

మన బ్రూక్‌ఫీల్డులో కట్టడము లేని స్థలము కనబడినచో వృథాగా పడియున్నదందుము. పంట లేని నేలను గూర్చియు లోకమిట్లే పలుకును. మనలో పెక్కుమంది పూర్వులు సేద్యగాండ్రే గనుక, ఈ మాటవలన ఆంధ్రదేశపు మన్యమునకు కలిగిన నష్టమును తెలిసికొనుట మంచిది.

తూర్పు కనుమలలోని కొండరెడ్లు, సవరలు మున్నగువారు తరతరములుగా పోడు వ్యవసాయము చేయుచు వచ్చిరి. కొండవాలున చెట్లను, పొదలను నరికి, ఎండిన పిమ్మట కాల్చి, తొలకరికి ఆ బూడిదలో సామ, కొర్ర, కంది, చోడి విత్తుదురు. చోడియనగా మన రాగియే. రెండు మూడు పంటల పిమ్మట ఆ నేలను విడిచి వేరొకచోటికి పోవుదురు. విడిచిన నేల పెక్కేండ్లు బీడుగా నుండెడిది.

చూచువారికది సోమరితనముగా తోచును. కాని ఆ యేండ్లలో పని చేయునది బీడే. నరికిన మోడులు చిగిర్చును. లోతైన వేళ్లు అడుగునున్న సారమును పైకి తెచ్చును; వానకు మట్టి కొట్టుకొనిపోకుండ పట్టియుంచును. రాలిన ఆకు కుళ్లి ఎరువగును. నీడకు కలుపు నశించును. ఎరువు కొనలేని రైతునకు ఇదియే మూలధనము. అడ్డాకులు, దుంపలు, వెదుళ్లు గూడ ఆ బీడులలో లభించును.

1882లో మదరాసు అటవీచట్టము వచ్చెను. రిజర్వు అడవులేర్పడి పోడునకు నిర్బంధములు కలిగెను. విశ్రాంతి గొనుచున్న నేల దొరతనము కంటికి ఎవరిదియు కాని బంజరుగా కనబడెను. 1922-24లో అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పోరాటమునకు, గూడెం రోడ్డు పనులలోని వెట్టితోపాటు, ఈ నిర్బంధములును కారణములయ్యెను.

నేల తగ్గి జనము పెరుగగా బీడుకాలము కురచయయ్యెను. అడవి కోలుకొనకముందే మరల గొడ్డలి పడెను, వాలులు బోసిపోయెను. అంతట పోడే అడవికి శత్రువను నింద స్థిరపడెను. జనము పెరిగినకొలది బీడు తగ్గుననియు, దానికి బదులు రైతు అధికశ్రమ పడవలసివచ్చుననియు ఎస్తర్ బోసరప్ అను డేనిష్ ఆర్థికవేత్త 1965లో వాదించెను.

2006 నాటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులోనున్న గిరిజన కుటుంబములకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు నిచ్చినది. ఇది న్యాయమే. కాని స్థిరమైన చిన్న తుండులో పెక్కేండ్ల బీడునకు చోటుండదు. ఏటేట దున్నినచో బీడు చేసిన పనిని ఎరువు బస్తాలు చేయవలెను. వానికి రొక్కము కావలెను. ఆ చట్టముననే గ్రామముల ఉమ్మడి హక్కులును గలవు. బీడులకు ఆ మార్గమున రక్షణ కల్పించుట మేలు. పైరు లేనంతమాత్రమున నేల పనిలేక యున్నదని తలపరాదు.