పటము వ్రాయించినవారు

‘పాత్రచిత్రణ’ అనే మాటను మన విమర్శకులు ఎంతగా వాడినారంటే, అందులో చిత్రమనేది ఒకటున్నదనే సంగతి మనకు స్ఫురించుట మానివేసినది. నవలలోని పాత్ర సజీవముగా ఉన్నదనీ, నాటకములోని పాత్ర రూపు కట్టినదనీ అంటాము. అక్కడ రంగూ లేదు, కుంచే లేదు. తెలుగు భాష మాత్రము ఈ చుట్టరికమును మరువలేదు. అక్షరము వ్రాయుటకూ, బొమ్మ వ్రాయుటకూ అది ఒకే క్రియను వాడుతున్నది. తెలంగాణములోని నకాషీ చిత్రకారులు పటము వ్రాసేవారు. కథకులు వారిచేత పటము వ్రాయించేవారు. ఈ రెండవ క్రియను గురించి, అనగా బొమ్మను కోరి, దానికి కథ చెప్పి, వ్రాయించుకొన్నవారిని గురించి మన సాహిత్య చరిత్రలలో జరుగవలసినంత చర్చ జరుగలేదు. కావ్యమునకు కృతిభర్త ఉన్నట్లే బొమ్మకూ ఉన్నాడు. అతడెవరనే దానిని బట్టి బొమ్మలో కథ నిలుచుటయో, జారిపోవుటయో జరుగుతున్నది.

దీనిని పరిశీలించుటకు గుజరాతులోని సూరత్ నగరము మంచి చోటు. ఈ మాట కొంత వింతగా తోచవచ్చును. సూరత్ పటచిత్రములకు పేరు పొందిన ఊరు కాదు. కాని బొమ్మలు వ్రాయించిన రెండు తెగల కృతిభర్తల దారులు ఆ ఊరిని తాకినవి. ఒకడు ఆ రేవులో దిగి మన దేశములోనికి వచ్చినవాడు. రెండవవారు మన పల్లెలను విడిచి ఆ ఊరికి పోయినవారు.

మొదటివాడు వెనిస్ నగరవాసి నికొలావ్ మనుచ్చి. 1656 జనవరిలో, ఇంకను మీసకట్టు రాని వయసులో, సూరత్‌లో ఓడ దిగినాడు. అప్పటికి ఆ రేవు మొగలాయీలకు సముద్రద్వారము. ఆంగ్లేయులు 1613 నుండీ, డచ్చివారు 1616 నుండీ అక్కడ కోఠీలు పెట్టుకొని ఉన్నారు. మనుచ్చి దారా షికో కొలువులో ఫిరంగులవాడుగా చేరి, ఆ తరువాత వైద్యుడని పేరు పెట్టుకొని, ఔరంగజేబు కుమారుడైన షా ఆలం పరివారములో కొంతకాలము గడిపినాడు. ఆ కొలువులో మీర్ మహమ్మద్ అనే చిత్రకారుడు అతనికి మిత్రుడు. పాదుషాల, రాజకుమారుల, దక్కను సుల్తానుల రూపచిత్రములను 1686కు పూర్వమే అతనిచేత వ్రాయించుకొన్నాడు. ఆ సంపుటము నేడు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయములో ఉన్నది. దానికి తోడుగా మనుచ్చి వ్రాసిన మొగలు చరిత్ర గతి మరొక విధమైనది. వ్రాతప్రతి ఫ్రాన్సుకు చేరగా, కత్రూ అనే జెసూట్ మతగురువు దానిని తన పద్ధతిలో మార్చి 1705లో ప్రకటించినాడు. మనుచ్చికి పట్టరాని కోపము వచ్చి, మరొక ప్రతిని వెనిస్‌కు పంపినాడు. బొమ్మలు ఒక దారి పట్టినవి, కథ ఇంకొక దారి పట్టినది.

ఇట్టి బొమ్మలు కోరినవాడు మనుచ్చి ఒక్కడే కాదు. గోలకొండ పతనమునకు కొంచెము ముందు, ఆ రాజ్యములో రూపచిత్రముల సంపుటములు విదేశీయుల కొరకు తయారగుచుండేవి. ఆమ్‌స్టర్‌డాం నగరాధ్యక్షుడు నికోలాస్ విట్సెన్ చేతికి చేరిన సంపుటములో 49 చిత్రములున్నవి. అది 1686 ప్రాంతమున గోలకొండలో తయారైనది. ఇప్పుడు ఆ నగరములోని రైక్స్ మ్యూజియములో ఉన్నది. అంతకు ముందే, 1656–1661 మధ్యకాలములో, రెంబ్రాంట్ అదే నగరములో కూర్చుండి మొగలాయి చిత్రములను చూచి ఇరువదికి పైగా రేఖాచిత్రములు వ్రాసికొన్నాడు. డచ్చి వర్తకుల ఓడలు మోసిన సరకులలో మిరియాలు, కలంకారీ అద్దకములతోపాటు ఈ ముఖములు కూడ ఉన్నవన్నమాట.

గోలకొండ సంపుటములలోని పనితనమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. నడికట్టు మీది జరీని కూడ వదలకుండ వ్రాసినారు. కాని ఆ పాత్ర ఏమి చేసినదో బొమ్మలో లేదు. చదునైన రంగు నేల, దానిపై ప్రక్కకు తిరిగి నిలుచున్న మనిషి, చేతిలో పువ్వో కత్తియో, పైన పరభాషలో పేరు. కొన్నవానికి కావలసినది అంతే. చిరకాలము అనువాదములు చేసినవాడను గనుక, ఈ బొమ్మలను చూచినప్పుడు శీర్షికను మాత్రము అనువదించి గ్రంథమును వదలివేసిన పుస్తకము వంటిదేదో నాకు గుర్తుకు వస్తుంది.

ఇక రెండవ తెగ కృతిభర్తలు. మనుచ్చి సూరత్‌లో దిగుటకు దాదాపు ముప్పదేండ్ల ముందటి పటము ఒకటి హైదరాబాదులోని మిత్తల్ దంపతుల సేకరణలో ఉన్నది. దానిని జగదీశ్ మిత్తల్ 1625 నాటిదిగా నిర్ణయించినారు. అప్పటికి గోలకొండలో మహమ్మద్ కుతుబ్‌షా రాజ్యము చేస్తున్నాడు. ఆ పటము మీది కథ పద్మశాలీలది, అనగా నేతగాండ్రది. మార్కండేయుని యజ్ఞకుండము నుండి భావనారుషి పుట్టుట, విష్ణువు నాభికమలపు తూడు దారముతో దేవతలకు వస్త్రము నేయుట, సూర్యుని కూతురు భద్రావతిని పెండ్లాడుట, పులిని వాహనముగా పొందుట, నూటొక్కమంది కొడుకుల వలన నూటొక్క గోత్రములు కలుగుట – కథలో ముఖ్యమైన ఘట్టములు ఇవి. దీనిని వారు మార్కండేయ పురాణమనే పిలుస్తారు. మన విద్యార్థులకు తెలిసిన మార్కండేయ పురాణము మారనది. ప్రతాపరుద్రుని సేనాని నాగయగన్నకు అంకితమైనది. పేరు ఒకటే, కథ వేరు, కృతిభర్త వేరు. గన్నకు అంకితమైన గ్రంథమునకు సాహిత్య చరిత్రలలో ప్రకరణములున్నవి. ఒక కులమంతయు కృతిభర్తయైన పురాణమునకు మాత్రము జానపదమనే చీటీ అంటించి, అనుబంధములోనికి పంపినాము.

ఈ కథను చెప్పే హక్కు కూనపులివారిది. వారు పద్మశాలీలను మాత్రమే అడుగుతారు. పద్మశాలీలు వారికి ఇచ్చుకొంటారు. ఏ ఊరు ఏ కుటుంబమునకు చెందునో పంపకమున్నది. దానిని మిరాసీ అంటారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణము చెప్పుటయు, కాకిపడగలవారు ముదిరాజులకు చెప్పుటయు ఇట్టి కట్టుబాటే. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారికి పటము బదులు కొయ్యబొమ్మలుంటవి. వాటిని చేసేవారు కూడ నకాషీలే. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క బొమ్మ, కథలో దాని వంతు వచ్చినప్పుడు పెట్టె నుండి బయటికి వస్తుంది. పాత్రప్రవేశమనే మాటను ఇంత అక్షరార్థముగా పాటించిన రంగస్థలము మరొకటి నాకు తెలియదు.

పటము తయారయ్యే విధము చెప్పవలసి ఉన్నది. ఇప్పటికి ఈ పని ప్రధానముగా నిలిచినది సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో. ముతక ఖద్దరు గుడ్డను తీసికొని, గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంకనీరు కలిపి పూత పెడతారు. అది ఆరిన తరువాత మరొక పూత, ఆ తరువాత ఇంకొకటి. పూత పలుచనైతే రంగు గుడ్డలోనికి ఇంకిపోతుంది. మందమైతే చుట్టినప్పుడు పెట్లుతుంది. రోజూ విప్పి చుట్టవలసిన వస్తువు గనుక ఈ కొలత తప్పరాదు. దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా రేఖలు వ్రాస్తారు. తెలుపునకు శంఖముల పొడి, నలుపునకు దీపపు మసి, ఎరుపునకు ఇంగిలీకము, నీలమునకు నీలిమందు, పసుపునకు పేవుడి రాయి. వీటిని చెట్టు బంకతో నూరుతారు. వెనుక నేల అంతా ఎరుపు. ఆ ఎరుపు మీద మనుష్యుల గులాబి ఛాయ, దేవతల నీలము, దేవీమూర్తుల పసుపు, రాక్షసుల ముదురు వర్ణము దూరము నుండి కూడ వేరువేరుగా తెలుస్తవి. రాత్రివేళ దీపము వెలుగులో, గుంపు వెనుక కూర్చున్న ముసలమ్మకు కూడ ఎవరు ఎవరో తెలియవలెను గదా! ఇవి మోటుతనపు రంగులని తీర్పు చెప్పినవారు పటమును పగలు, గాజు వెనుక చూచినవారు.

దాదాపు మూడడుగుల వెడల్పు, నలువది అడుగులు మొదలు అరువది అడుగుల వరకు పొడవు. పై నుండి క్రిందికి గడులు; గడికీ గడికీ నడుమ పూలతీగ. రెండు గుంజల నడుమ వ్రేలగట్టి, కథ నడచినకొద్దీ విప్పుతూ, కర్రతో చూపుతూ, కొన్ని రాత్రుల పాటు చెబుతారు.

ఇందులో చిత్రకారుడు స్వతంత్రుడా? కాడనే చెప్పవలెను, కాని నౌకరూ కాడు. కథకుడు పాతపటముతో వచ్చేవాడు, లేదా కథను వినిపించేవాడు. ఏ ఘట్టమునకు ఎన్ని గడులు కావలెనో అతనికి తెలుసు. ఆ గడిని ఎట్లు నింపవలెనో చిత్రకారునికి తెలుసు. ఈ ఇద్దరి వెనుక మూడవవారున్నారు: ఖర్చు పెట్టే నేతగాండ్రు. కథ వారి పుట్టుకను గురించినది గనుక తప్పు జరిగితే వారు ఊరుకొనరు. మగ్గము అచ్చుకట్టు తప్పుగా వ్రాసిన చిత్రకారుని మగ్గము మీద పుట్టి పెరిగినవాడు క్షమించునా! బొమ్మలకు కన్నులు దిద్దుట చివరి పని. దానితో పటమునకు ప్రాణము వచ్చినట్లు. ప్రాణమున్నది గనుక చావు కూడ ఉన్నది. చిరిగి, మాసి, పనికిరానిదైన పటమును నదిలో విడిచేవారు. 1625 నాటిది మనకు దక్కుటే ఆశ్చర్యము. ఆ శతాబ్దపు పటములు ఎన్ని గోదావరిలో కలిసిపోయినవో!

ఆ మూడవవారే సూరత్‌కు పోయినారు. పాత కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నేతగాండ్రు ఇరువదవ శతాబ్దములో చేతిమగ్గము కూడు పెట్టక, షోలాపూరు, భివండి, బొంబాయి, సూరత్ నగరముల మరమగ్గములకు వలసపోయినారు. సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతముల వాడలలో నేటికీ తెలుగు వినబడుతుంది. అక్కడ నేసేది తామరతూడు దారము కాదు, నూలు కూడ కాదు. ఆ ఊరు కృత్రిమపు దారముతో నేసిన చీరలకు ప్రసిద్ధము. మరమగ్గమునకు రాత్రీపగలూ లేదు, పాళ్ళు మారుతుంటవి. కొన్ని రాత్రుల పాటు కూర్చుండి వినవలసిన పురాణమునకు పండ్రెండు గంటల పాళీ ఎట్లు చోటిచ్చును? కూనపులివారి మిరాసీ ఊళ్ళ పేరిట పంచుకొన్నది. ఊరిలో నేతయిండ్లకు తాళములు పడితే మిరాసీ కాగితము మీద ఉంటుంది, ఇచ్చే చేయి ఉండదు. కథకునికి రాబడి లేకపోగా పటము వ్రాయించుట ఆగినది. పటము వ్రాయించేవారు లేక చిత్రకారులు చాలమంది వేరే పనులు చూచుకొన్నారు. కళ మీద ఎవరికో అభిరుచి తగ్గినందువలన జరిగినది కాదు ఇది.

చేర్యాల చిత్రములకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపున్నది, బహుమానములున్నవి, అమ్మకపు శాలలున్నవి. కోరి వ్రాయించుకొనేవారు కూడ లేకపోలేదు. వారు అడిగేది గోడకు పట్టే ఒక గడి: కల్లు గీసే గౌడు, కూర తరిగే ఇల్లాలు, గోపికల నడుమ కృష్ణుడు, లేదా కొబ్బరిచిప్ప మీద చింతగింజల పిండీ రంపపుపొట్టూ పెట్టి చేసిన ముసుగుబొమ్మ. ఖనిజపు రంగుల స్థానమున చాలచోట్ల సీసాల రంగులు వచ్చినవి. రంగు మారినందుకు నేను పెద్దగా బాధపడను. నకాషీ కుటుంబము బ్రతుకుట ముఖ్యము. కాని ‘కళ నిలిచినది’ అని సభలలో చెప్పే మాటతో నేను ఏకీభవించలేను. గోలకొండలో డచ్చివారికి అమ్మిన రూపచిత్రము ఎట్టిదో ఈ గోడబొమ్మ కూడ అట్టిదే. పాత్ర ఉన్నది, దానికి ముందు గడి లేదు, తరువాతి గడి లేదు. కొన్నవారు తప్పు పట్టలేరు, ఎందుకనగా ఏది తప్పో వారికి తెలియదు.

సాహిత్యముతో పొత్తున్న మనకు ఇందులో పనియున్నది. జానపద పరిశోధకులు కొందరు కులపురాణ పాఠములను సేకరించినారు. చిత్రకళా చరిత్రకారులు పటములను వర్ణించినారు. ఒకరి పుస్తకములో మాట, మరొకరి పుస్తకములో బొమ్మ. కథకుడు కర్రతో చూపి చెప్పే వచనములో ‘ఇదిగో’, ‘ఆ ప్రక్క’, ‘వెనుక నిలుచున్నది’ అనే మాటలు వ్యాకరణములో భాగము. అచ్చులోనికి ఎక్కించేవారు వాటిని ఊతపదములని కొట్టివేసినచో వాక్యమునకు కాలు విరిచినట్లే. ఒక పటమును తీసికొని, గడి వెంట గడి ముద్రించి, ప్రతి గడి క్రింద కథకుని పాఠమును అతడు పలికిన తీరున ఇచ్చే సంపుటమొకటి తెలుగులో రావలసియున్నది. మారన కావ్యమునకు పాఠాంతరములు చూపినంత శ్రద్ధతో దానిని పరిష్కరింపవలెను.

దానిని వ్రాయించే స్తోమత నేటికీ పద్మశాలీ సంఘములకున్నది. సూరత్‌లోని వారికి కూడ ఉన్నది. కాని చేర్యాలకు పోయి పొడవు ఇంత, ధర ఇంత అని చెప్పి వచ్చినంత మాత్రమున పటము కాదు. భావనారుషి నేసిన మొదటి వస్త్రమును ఒక గడిలో చూపవలెనా, మగ్గము సిద్ధమగుటతో మొదలుపెట్టి నాలుగు గడులకు పెంచవలెనా. భద్రావతి పెండ్లి ఎంత చోటు ఆక్రమించవలెను. పులి ఏ గడిలో కనబడవలెను. నూటొక్క కొడుకులలో ఎంతమందికి ముఖములు వ్రాయవలెను – ఇవన్నీ చిత్రకారుడు కుంచె ముంచకముందే తేలవలసిన ప్రశ్నలు. వాటిని తేల్చగలవారు ఇంకను కథ నోట ఉన్న కూనపులి కుటుంబములవారు. వారిలో పెద్దలు వృద్ధులు.