నడుం పట్టు విప్పిన దారి

కోడుమూరులో గుంత మగ్గం మీద కూర్చున్న నేతగాణ్ణి పక్కనుంచి చూడండి. కాళ్లు గుంతలో, చేయి నాడె తాడు మీద, కళ్లు పడుగు మీద. వీపు పొద్దస్తమానం ముందుకు వంగే ఉంటుంది. సుగ్గికని గుంటూరు వలసపోయి మిరపకాయలు కోసే కూలీలదీ అదే వంపు. నడుం పడితే మన ఊళ్లలో పాత వైద్యం ఒకటుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత కాలితో తట్టిస్తారు.

ఆస్పత్రి వైద్యం వేరే దారి పట్టింది. వెన్నుపూసల మధ్య డిస్కు పగిలి నరాన్ని నొక్కితే నొప్పి కాలిలోకి లాగుతుందని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ చూపించారు. అది గొప్ప సంగతే. కానీ ఆ తర్వాత ప్రతి నడుం నొప్పికీ డిస్కే కారణమన్నారు. మంచం దిగొద్దన్నారు.

1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఒక పొరపాటు జరిగింది. ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ, స్మిత్ అనే రోగిని బల్లమీద బోర్లా పడుకోమన్నాడు. అంతకుముందు రోగి కోసం ఎత్తిన తలవైపు భాగాన్ని ఎవరూ దించలేదు. మెకెంజీ కొన్ని నిమిషాల తర్వాత వచ్చి, వీపు వెనక్కి విల్లులా వంగిన స్మిత్‌ను చూసి హడలిపోయాడు. స్మిత్ మాత్రం, కొన్ని వారాలుగా ఇంత హాయి ఎరగనన్నాడు. కదలిక మందు కావచ్చునన్న ఆలోచన మెకెంజీకి అక్కడే తట్టింది. ఏ కదలిక ఎవరికి ఉపశమనమిస్తుందో జాగ్రత్తగా చూస్తూ ఒక పద్ధతినే తయారుచేశాడు.

తర్వాత లెక్కలు వచ్చాయి. 1986లో రిచర్డ్ డేయో బృందం 203 మందిని పరీక్షించింది. ఏడు రోజులు పడుకోమన్నవాళ్లకు, రెండు రోజులు పడుకోమన్నవాళ్ల కంటే ఒరిగిందేమీ లేదు. 1995లో హెల్సింకీలో 186 మందిని మూడు గుంపులు చేసి చూస్తే, ఓపినంత మేర రోజువారీ పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. ఈ రెండింటి మధ్యలో 1994లో, నొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే సగానికి పైగా మందిలో డిస్కు ఉబ్బి కనిపించింది. ఫిల్ములో కనిపించిందల్లా నొప్పికి కారణం కాదని తేలింది.

మరి కొందరికి నొప్పి ఏళ్ల తరబడి ఎందుకు ఉండిపోతుంది? గ్లాస్గో ఎముకల సర్జన్ గోర్డన్ వాడెల్ 1987లో, శరీరంతో పాటు మనసునూ బతుకునూ కలిపి చూడాలన్నాడు. బోయింగ్ కంపెనీలో 3,020 మంది కార్మికులను గమనించిన అధ్యయనం 1991లో వెలువడింది. పనిలో సంతోషం దాదాపు ఎప్పుడూ ఉండదన్నవాళ్లు నడుం నొప్పి ఉందని చెప్పడం, దాదాపు ఎప్పుడూ ఉంటుందన్నవాళ్ల కంటే 2.5 రెట్లు ఎక్కువ. వంగితే విరుగుతుందేమోనన్న భయం మనిషిని కదలనివ్వదు. కదలకపోతే నడుం ఇంకా బిగుస్తుంది.

ఇక్కడే ఒక ప్రమాదముంది. మనసునూ చూడాలన్న ఈ మాటను తప్పుగా పట్టుకుంటే, "నొప్పి నీ మనసులోనే ఉంది" అని రోగిని పంపించేయడమవుతుంది. అది అన్యాయం. నేతగాడికి చీర దిగితేనే కూలి. లేచి నాలుగడుగులు వేస్తే పని ఆగుతుంది, పని ఆగితే అప్పు తీరదు. ఆ దిగులూ ఆ వంపూ ఒకే నడుం మోస్తోంది. ఒకదాన్ని విడదీసి వైద్యం చేయలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుం నొప్పికి చెప్పింది కూడా రెంటినీ కలిపే: అర్థమయ్యేలా వివరించడం, వ్యాయామం, అవసరమైతే మనసుకు చికిత్స. మనవాళ్లు నమ్ముకునే నడుం బెల్టును మామూలుగా వాడొద్దంది. కాలు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరంతో పాటు బరువు తగ్గుతున్నా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కాలితో తట్టించమని నేను చెప్పను. కానీ ఆ పాత వైద్యంలో మనిషిని బోర్లా పడుకోబెట్టి, నడుం ముట్టుకుని, "పోతుందిలే, లెయ్" అనే మనిషి ఒకరుండేవారు. మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఆ మాట కావాలి. దానితో పాటు, గంటకోసారి లేచి నడిచినా కడుపు నిండే కూలి కావాలి.