సుత్తితో కొట్టినా పేలని తుపాకి

తూటాలు నింపిన పాత రివాల్వరు ఒకటి బల్ల మీది నుంచి జారి గచ్చు మీద పడిందనుకోండి. మీటను ఎవరూ నొక్కలేదు. అయినా అది పేలుతుందా? పందొమ్మిదో శతాబ్దపు రివాల్వర్లలో చాలావాటి విషయంలో జవాబు ‘పేలవచ్చు’ అనే చెప్పాలి. ఎందుకో తెలియాలంటే దాని లోపలికి తొంగి చూడాలి.

రివాల్వరు వెనుక ఒక చిన్న సుత్తి ఉంటుంది. బలమైన స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తూ ఉంటుంది. మీట నొక్కగానే వెనక్కి లాగి ఉన్న సుత్తి విడుదలై తూటా అడుగున ఉండే ప్రైమరును కొడుతుంది. ప్రైమరు మండి లోపలి మందును అంటిస్తుంది. 1873లో అమెరికాలో వచ్చిన ప్రసిద్ధ కోల్ట్ రివాల్వరులో సుత్తిని పూర్తిగా దించితే దాని ముక్కు ప్రైమరుకు ఆనుకొనే ఉండేది. సుత్తిని కాస్త వెనక్కి నిలిపే గాడి ఉన్నా, గట్టి దెబ్బ తగిలితే దాన్ని నమ్మడానికి లేదు. అందుకే అనుభవజ్ఞులు ఆరు గదుల్లో ఐదింటినే నింపి, సుత్తి ఎదుట ఖాళీ గదిని ఉంచేవారు.

ఈ చిక్కుకు చక్కని పరిష్కారం ఖరీదైన తుపాకిలో కాదు, చవక తుపాకిలో కనిపించింది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఐవర్ జాన్సన్ కంపెనీ సైకిళ్లూ, సామాన్యులు కొనగల రివాల్వర్లూ తయారు చేసేది. 1894లో అది ‘సేఫ్టీ ఆటోమేటిక్’ అనే రివాల్వరును తెచ్చింది. తర్వాతి ప్రకటనల్లో దాని ధర సుమారు 5, 6 డాలర్లు.

ఇందులో సుత్తికీ, ప్రైమరును కొట్టే పిన్నుకూ మధ్య ఎడం ఉంచారు. మీట నొక్కినప్పుడు మాత్రమే ఒక చిన్న కడ్డీ పైకి లేచి ఆ ఎడంలో నిలుస్తుంది. సుత్తి కడ్డీని, కడ్డీ పిన్నును కొడుతుంది. మీట వదిలితే కడ్డీ కిందికి దిగిపోతుంది. ఇల్లు కట్టేచోట ఇటుకలు చేతులు మారడం మీరు చూసే ఉంటారు. మధ్య మనిషి తప్పుకుంటే ఇటుక అవతలివారికి అందదు కదా! ఇదీ అంతే. అందుకే ఆ కంపెనీ ‘సుత్తిని సుత్తితో కొట్టండి’ అని ధైర్యంగా ప్రకటించుకుంది.

పాత చవక తుపాకులను సేకరించేవారు నేటికీ వాటి మీటలను పోల్చి చూస్తారు. కోల్ట్‌లో సుత్తిని ముందే బొటనవేలితో వెనక్కి లాగుతారు. కనుక మీటకు మిగిలేది దాన్ని వదిలే పని ఒక్కటే, నొక్కు తేలిక. సేఫ్టీ ఆటోమేటిక్‌లో మీట ఒక్కటే సుత్తిని లాగి, కడ్డీని ఎత్తి, సుత్తిని వదలగలదు. కనుక నొక్కు బరువు, దూరం ఎక్కువ. చేతికి మొరటుగా తోచినా భద్రతలో ఇదే ముందుంది. కోల్ట్ పద్ధతిలో 1953 నుంచి రివాల్వర్లు చేసిన రూగర్ కంపెనీ 1973లోగాని ఇలాంటి కడ్డీని అమర్చలేదు. 1982 నుంచి తన పాత తుపాకులకూ ఉచితంగా అమర్చసాగింది.

అయితే ఒక్క మాట మరువకండి. ఐవర్ జాన్సన్ ప్రకటనల్లో ఒకదానిలో ఒక చిన్నపాప మంచం మీద రివాల్వరుతో ఆడుకుంటూ ఉంటుంది. నాన్న ప్రమాదం లేదన్నాడట! ఎంత తప్పు! ఆ పాప వేలు మీటను నొక్కితే కడ్డీ తన పని తాను చేస్తుంది. 1901 సెప్టెంబరు 6న అమెరికా అధ్యక్షుడు మెకిన్లీపై కాల్పులు జరిపింది కూడా ఐవర్ జాన్సన్ రివాల్వరుతోనే. ఆయన 14న మరణించాడు.

కింద పడటానికీ, వేలితో నొక్కడానికీ గల తేడా కడ్డీకి తెలుసు. నొక్కిన వేలు పసిపాపదా, హంతకుడిదా అన్నది దానికి తెలియదు. ‘ఇది సురక్షితం’ అని ఏ యంత్రం గురించి విన్నా, ‘ఏ ప్రమాదం నుంచి?’ అని మీరు తప్పక అడగండి.