పేరు ఒక్కటే... జన్యుమార్పులు వేరు
పిల్లల్లో, పెద్దల్లో తీవ్ర లుకేమియా తీరు

రాజాం: రక్త క్యాన్సర్ అనగానే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకొనే రోజులు గతించాయి. తీవ్ర లుకేమియా అన్న పేరు ఒక్కటే అయినా, ఐదేళ్ల బాలుడిలోనూ యాభై ఏళ్ల వ్యక్తిలోనూ రక్తకణాన్ని దారి తప్పించే జన్యుమార్పులు వేర్వేరు. చికిత్స ఫలితం చాలావరకు వాటిపైనే ఆధారపడి ఉంటుంది.

పిల్లల్లో అధికంగా కనిపించేది లింఫోబ్లాస్టిక్ రకం. వీరిలో దాదాపు నాలుగో వంతు మందికి, 46 ఉండవలసిన క్రోమోజోములు వ్యాధి కణాల్లో 50 దాటిపోతాయి. ఇంచుమించు అంతే మందిలో 12, 21 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఈటీవీ6, రన్‌ఎక్స్1 జన్యువులు అతుక్కుపోతాయి. రెండూ మందులకు బాగా లొంగే రకాలే. రెండోది తరచూ గర్భంలోనే మొదలవుతుందని కవలలపై పరిశోధనల్లో తేలింది. అయితే వ్యాధి రావడానికి పుట్టాక మరికొన్ని మార్పులు తోడు కావాలి. కనుక తల్లి తిన్న తిండినో, గ్రహణాన్నో నిందించడం అర్థరహితం. ఏడాది నిండని శిశువుల్లో తరచూ కనిపించే కేఎంటీ2ఏ జన్యుమార్పు మాత్రం మొండిది.

పెద్దల్లో ఆ అనుకూల మార్పులు అరుదు. ఇదే రకం సోకిన పెద్దల్లో సుమారు నాలుగో వంతు మందికి 9, 22 క్రోమోజోముల మార్పిడితో ఏర్పడే ‘ఫిలడెల్ఫియా క్రోమోజోము’ ఉంటుంది. పిల్లల్లో ఇది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురికే. ఇమాటినిబ్ తరహా మాత్రలు వచ్చాక దీని చికిత్స ఎంతో మెరుగుపడింది. పెద్దల్లో ఎక్కువగా వచ్చే మైలాయిడ్ రకంలో ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1, డీఎన్‌ఎంటీ3ఏ జన్యువుల్లో లోపాలు తరచూ కనిపిస్తాయి.

ఈ చికిత్సకు బాట వేసినవారిలో తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇవ్వగా, పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. సంపన్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ రకం సోకిన పిల్లల్లో నూటికి 90 మంది వరకు కోలుకుంటున్నారు.

తగ్గని జ్వరం, పాలిపోవడం, ఒంటిపై నీలి మచ్చలు, ఎముకల నొప్పులు ఉంటే ముందు రక్తకణాల పరీక్ష చేయించాలి. కారణం తేలకముందే స్టెరాయిడ్లు వాడితే వ్యాధి కణాలు తాత్కాలికంగా తగ్గి, రోగ నిర్ధారణ తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. అనుమానం బలపడితే ఎముక మూలుగ నమూనాతో జన్యుపరీక్షలు చేయించాలి. రాజాం ప్రాంతవాసులకు విశాఖ శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటులో ఉంది. పిల్లలకు ఈ రకం చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. తేరుకున్నట్లు కనిపించినా మధ్యలో మానరాదు.