కట్టువైద్యుల ఇంటి ఇనుప చట్రం

1914లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో తుపాకి దెబ్బకు తొడ ఎముక విరిగిన సైనికుడు బతికి బట్టకట్టడం గగనం. అప్పటి లెక్కల్లో నూటికి 80 మంది పోయేవారు. ఎముక విరిగితే చావేమిటనిపిస్తుంది. తొడ కండరాలకు బలమెక్కువ. ఎముక విరగ్గానే బిగుసుకుని రెండు ముక్కల్నీ ఒకదానిమీదికొకటి లాగేస్తాయి. స్ట్రెచర్ కుదిపినప్పుడల్లా వాటి మొనలు కండను చీలుస్తాయి. లీటరుకు పైగా రక్తం తొడలోనే చేరి, ఆస్పత్రి చేరేలోగానే మనిషి షాక్‌లోకి పోతాడు.

దీనికి విరుగుడు, ఒక ఇనుప చట్రం, లివర్‌పూల్‌లో అప్పటికి నలభై ఏళ్లుగా ఉంది. చేసినవాడు హ్యూ ఓవెన్ థామస్. మనకు పుత్తూరు కట్టు ఎలాగో, వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో థామస్ ఇంటివాళ్ల కట్టు అలాగ. తండ్రి ఇవాన్ లివర్‌పూల్ వచ్చి ఎముకలు కట్టేవాడు. పట్టాలేని వైద్యమని డాక్టర్లు కోర్టుకీడ్చేవారు. దాంతో కొడుకులు ఐదుగురినీ డాక్టరీ చదివించాడు. హ్యూ పట్టా వచ్చాకా ఇంటి విద్య వదల్లేదు. సొంత కమ్మరిని పెట్టుకుని బద్దలు చేయించేవాడు. ఆదివారాలు పేదలకు ఉచితం. కోతకన్నా విశ్రాంతినే నమ్మాడు. నోరు మాత్రం దురుసు. పెద్ద డాక్టర్లు ఆయన్ని పట్టించుకోకపోవడానికి అదీ ఒక కారణమే.

మోకాలి క్షయ కోసం చేసిన ఆ చట్రం చూడ్డానికి ఏమంత ఘనంగా ఉండదు. తోలు తొడిగిన ఇనుప కడియం గజ్జల దగ్గర ఆనుతుంది. దాన్నుంచి కాలికి అటూ ఇటూ రెండు కడ్డీలు పాదం దాటి కలుస్తాయి. పాదాన్ని లాగి ఆ కొసకు కడితే కండరాలు సాగి, ఎముక వరసలోకొస్తుంది. థామస్ 1891లో పోయాడు. ఆయన భార్యకు మేనల్లుడైన రాబర్ట్ జోన్స్ దీన్ని యుద్ధరంగానికి చేర్చాడు. చీకట్లో, బూటు విప్పకుండానే కట్టడం స్ట్రెచర్ మోసేవాళ్లకు నేర్పారు. 1917కల్లా మరణాలు నూటికి 20లోపుకి దిగాయి. గాయాన్ని వెంటనే శుభ్రం చేసిన సర్జన్లకూ అందులో వాటా ఇవ్వాలి.

బతికినా, నెలలకొద్దీ మంచమే. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్షర్ మూలుగ గొట్టంలోకి ఉక్కు మేకు దించి, రోగిని త్వరగా నడిపించాడు. సాటి సర్జన్లు మండిపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చెరనుంచి తిరిగొచ్చిన సైనికుల ఎక్స్‌రేల్లో ఆ మేకు చూసి అమెరికన్ డాక్టర్లు తెల్లబోయారు. ఇప్పుడు మనం ‘రాడ్డు వేశారు’ అనేది దాని వారసుణ్ణే. పసిపిల్లల తొడ విరిగితే మాత్రం నేటికీ ఎక్కువగా కట్టో, కాలిని లాగి ఉంచే ట్రాక్షనో. వాళ్ల ఎముక వారాల్లోనే అతుక్కుంటుంది.