డోన్ సీమలో చలికాలపు కోడిమేత

పూర్వము ద్రోణాచలమని వ్యవహరింపబడిన డోన్ ప్రాంతము వానకు ముఖము వాచిన మెట్టనేల యగుటచే, కొర్రయు, సజ్జయు, జొన్నయు ఇచట మనుష్యునకెట్టి జీవనాధారములో పెరటికోడికిని అట్టివే యైనవి. పుష్యమాసమున పగటియెండ యెంత చుఱుక్కుమన్నను, రాత్రి ఆకాశము నిర్మలమగుటచే భూమి త్వరగా చల్లబడి, తెల్లవాఱుజామున కోళ్ళు ఈకలు ఉబ్బించుకొని ముడుచుకొనును. పగలెల్ల కల్లములలో రాలిన గింజలను, పురుగులను ఏఱుకొని తిను కోడికి, ప్రొద్దు గ్రుంకువేళ గంప మూయుటకు ముందు పిడికెడు జొన్నలు చల్లుట ఇల్లాండ్ర యాచారము.

ఈ యాచారమునందు గొప్ప వివేకము కలదని నా నమ్మకము. తడిపిన తవుడు శీఘ్రముగా జీర్ణించును. గట్టిగింజయో, మెడక్రింది మేతసంచిలో నిలిచి, రాత్రియెల్ల కొంచెము కొంచెముగా దిగుచు, దేహమునకు ఉష్ణము నిచ్చుచుండును. శాస్త్రజ్ఞులు దీనిని గ్రంథములలో వ్రాయుటకు పూర్వమే, అక్షరమెఱుగని స్త్రీలు అనుభవముచే నెఱిగిరి. కోడియు, గ్రుడ్డును అమ్మగా వచ్చిన కాసులు తఱచుగా వారి చేతిసొమ్మే గదా!

ఐనను ఈ యాచారము అన్ని యేండ్లును సాగినది కాదు; 1876-78 నాటి ధాత కరవున కర్నూలు మండలమునందు మనుష్యులే తిండిలేక మడసిన వేళ, కోడికి గింజ యెక్కడిది? గింజ మిగిలిన యేడే కోడికి మేత.

ఇప్పుడు సంచులలో దాణా వచ్చుచున్నది. ఐనను పెరటికోడిని సాకువారు చలిరాత్రులందు ఆ సాయంకాలపు జొన్నగింజను మానకుందురు గాక.